విస్టార్ ఎలుకకు ఆ పేరు ఎక్కడిది?

మీ ప్రశ్న: "ఎం.ఫార్మసీ సినాప్సిస్‌లో (చేయబోయే పరిశోధన వివరాల పత్రంలో) 'విస్టార్ ఆల్బినో ఎలుకలు' అని రాయమన్నారు. విస్టార్ అంటే ఎలుకలు అమ్మే కంపెనీయా?"

కాదండీ. విశాఖలో ఎం.ఫార్మసీ చేసేటప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. రోజూ పొద్దున్నే యానిమల్ హౌస్‌కి వెళ్లి, ఊక మార్చి, ఒక్కో ఎలుకనూ తూకం వేసేదాన్ని. నెలల తరబడి చేత్తో పట్టుకున్న ప్రాణికి ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియకపోవడం నాకే బాగా అనిపించలేదు. అప్పుడు కూర్చుని చదివాను.

ఆ పేరు విస్టార్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థది. అది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉంది. 1892లో పెట్టారు. లాభం కోసం కాకుండా, స్వతంత్రంగా, వైద్య పరిశోధనకే అంకితమైన సంస్థల్లో ఆ దేశంలో మొదటిదిగా దాన్ని చెబుతారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆవరణలోనే ఉన్నా, దాని పాలన దానిదే. పుట్టింది మాత్రం మ్యూజియంగా. కాస్పర్ విస్టార్ అనే అనాటమీ ప్రొఫెసర్ పాఠం చెప్పడానికి పోగుచేసిన శరీర భాగాలు, నమూనాలు ఆయన 1818లో చనిపోయాక కూడా పెరుగుతూ వచ్చాయి. 1888లో అవి ఉన్న భవనానికి మంటలు అంటుకున్నాయి. ఆయనకు మనవడి వరసయ్యే ఐజాక్ జోన్స్ విస్టార్, అంతర్యుద్ధంలో పోరాడిన లాయరు, వాటికో గట్టి గూడు కట్టడానికి డబ్బిచ్చాడు.

1906లో హెన్రీ డొనాల్డ్‌సన్ అనే నాడీ శాస్త్రవేత్త షికాగో నుంచి అక్కడికి వచ్చాక కథ మారింది. మెదడు ఎదుగుదలను కొలవాలంటే ఎలుకలన్నీ ఒకే రకంగా ఉండాలని ఆయన పట్టు. అలా తెల్ల ఎలుకల పెంపకం మొదలైంది. హెలెన్ డీన్ కింగ్ అనే శాస్త్రవేత్త తోబుట్టువులను జతకట్టిస్తూ తరం తర్వాత తరం నమోదు చేసుకుంటూ పోయారు. దీని విలువ నాకు పుస్తకంలో కాదు, ల్యాబ్‌లో అర్థమైంది. పాదం వాపు మీద మందు పరీక్షిస్తూ మొదటి బ్యాచ్‌లో వయసులు కలిసిపోయిన ఎలుకల్ని తీసుకున్నాను. రీడింగులు చెల్లాచెదురయ్యాయి. తేడా మందుదా, ఎలుకదా? చెప్పలేకపోయాను. మా గైడ్ అదంతా పక్కన పెట్టించి, ఒకే వయసు, దగ్గర దగ్గర బరువు ఉన్నవాటితో మళ్లీ మొదటినుంచీ చేయించారు. రెండు నెలలు పోయాయి. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అందుకే ఆ సంస్థ చేసిన అన్నిటికంటే పెద్ద మేలు ఇదేనని నేనంటాను: ఎక్కడ చేసినా పోల్చి చూసుకోవడానికి వీలయ్యే సరుకును ప్రపంచానికి ఇవ్వడం. మొదట ఎలుక, తర్వాత కణాలు. 1957లో హిలరీ కొప్రోవ్‌స్కీ అనే వైరస్ శాస్త్రవేత్త డైరెక్టరయ్యాక అక్కడ టీకాల పని ఊపందుకుంది. అక్కడి శాస్త్రవేత్త లెనార్డ్ హేఫ్లిక్ 1962లో డబ్ల్యుఐ-38 అనే కణాల వరుసను (ఒకే మూలం నుంచి ల్యాబ్‌లో పెంచుతూ పోయే కణాలను) తయారుచేశాడు. పేరులోని 'డబ్ల్యుఐ' ఆ సంస్థే. గడ్డకట్టించి దాచిన ఆ కణాలు ఎన్నో ల్యాబులకు చేరాయి. అవి స్వీడన్‌లో గర్భస్రావం చేయించుకున్న ఒకామె పిండం ఊపిరితిత్తుల నుంచి వచ్చాయి. ఆమెను ఎవరూ అనుమతి అడగలేదు. ఈ మాట చెప్పకుండా ఆ చరిత్ర చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆ కణాల్లోనే అక్కడి డాక్టరు స్టాన్లీ ప్లాట్కిన్ రుబెల్లా టీకా వైరస్‌ను బలహీనపరిచాడు. రుబెల్లా గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు ముప్పు. 1964 ప్రాంతంలో అమెరికాలో రుబెల్లా చెలరేగి దాదాపు 20,000 మంది పిల్లలు లోపాలతో పుట్టారు. ఆయన చేసిన రకం పేరు ఆర్ఏ 27/3. మన అంగన్‌వాడీల్లో పిల్లలకు వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాలో రుబెల్లా భాగం అదే. మా పాపకు వేయించినప్పుడు టీకా వివరాల కాగితం అడిగి చూశాను. 'విస్టార్ ఆర్ఏ 27/3' అని ఉంది. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

రేబిస్‌దీ అంతే. మా నాన్నను చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు ఇంజెక్షన్లు చేశారట. అది గొర్రె మెదడుతో చేసిన టీకా. విస్టార్‌లో రేబిస్ వైరస్‌ను డబ్ల్యుఐ-38 కణాల్లో పెంచాక, మెదడు కణజాలం లేని టీకాకు దారి దొరికింది. 1976లో వచ్చిన ఇరాన్ ఫలితాల్లో, పిచ్చి కుక్కలు, తోడేళ్లు కరిచిన 45 మందికి ఆ కొత్త టీకాతో పాటు సీరం (రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీల మందు) ఇస్తే అందరూ బతికారు. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడేవి వీరో కణాల్లోనో (కోతి మూత్రపిండం నుంచి వచ్చినవి), కోడిపిండం కణాల్లోనో పెంచినవి. ఏదైనా నాలుగైదు డోసులు, అవీ చేతికే.

ఇక మీ సినాప్సిస్ సంగతి. 1960లోనే ఆ సంస్థ ఎలుకల పెంపకాన్ని అమ్మేసింది. కాబట్టి 'విస్టార్' అన్నది ఇప్పుడు జాతి పేరు మాత్రమే. ఎలుకల్ని ఎక్కడినుంచి తెచ్చారో, వాటి వయసు, బరువు, ఆడా మగా, ఎథికల్ కమిటీ అనుమతి నంబరు విడిగా రాయండి. వయసు మాత్రం మరిచిపోకండి.