పాత టకోమా కొంటున్నారా? ముందు బండి కిందకి దూరి చూడండి

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. డల్లాస్ దగ్గర ఉద్యోగంలో చేరి ఏడాది అవుతోంది. 2001 మోడల్ టొయోటా టకోమా పికప్ ట్రక్కు ఒకటి చూశాను. వి6 ఇంజన్, ఫోర్ వీల్ డ్రైవ్, 1,90,000 మైళ్లు తిరిగింది. కొని, మూడంగుళాల లిఫ్ట్ వేయించి (అంటే బండి ఎత్తు పెంచి), 33 అంగుళాల టైర్లు బిగించి టెక్సస్‌లోని బిగ్ బెండ్, యూటాలోని మోయాబ్ లాంటి రాళ్ల దారుల వైపు వెళ్లాలని కోరిక. ఇంట్లోవాళ్లేమో అన్ని మైళ్లు తిరిగిన బండి ఎందుకురా అంటున్నారు. కొనవచ్చా? ముందు ఏం చేయించాలి?

జవాబు: కొనవచ్చు. మైళ్ల సంగతి తర్వాత, ముందు ఆ బండి ఇన్నేళ్లూ ఏ రాష్ట్రంలో తిరిగిందో కనుక్కోండి. 1,90,000 మైళ్లంటే మన లెక్కలో మూడు లక్షల కిలోమీటర్ల పైమాటే కాబట్టి ఇంట్లోవాళ్ల భయంలో అర్థముంది. అయితే 1995 నుంచి 2004 దాకా వచ్చిన మొదటి తరం టకోమాలోని ఆ 3.4 లీటర్ల వి6 ఇంజన్, నూనెలు వేళకు మార్చినవాళ్ల చేతిలో ఉంటే, ఆ మాత్రం తిరుగుడుకు అలసిపోదు. ఈ బండ్లు ఎక్కువగా తుప్పుతో పోతాయి.

మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ లాంటి చోట్ల చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు ఫ్రేములోని (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) డొల్ల భాగాల్లోకి చేరి, ఇనుమును లోపలి నుంచి తినేస్తాయి. బయటి నుంచి చూస్తే రంగు బాగానే ఉంటుంది. ఈ జబ్బు ఎంత పెద్దదంటే, 2008లో టొయోటా కంపెనీయే 1995–2000 మోడళ్లకు ఫ్రేము తుప్పు మీద వారంటీని 15 ఏళ్లకు పెంచింది. బాగు చేయడానికి వీల్లేని బండ్లను మార్కెట్ విలువకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొనుక్కుంది. ఆ తర్వాత 2001–2004 మోడళ్లనూ ఇలాంటి కార్యక్రమంలోకి తెచ్చింది. ఆ గడువులన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇవాళ ఫ్రేములో చిల్లు పడిన బండి కొంటే ఆ ఖర్చు పూర్తిగా మీదే.

టెక్సస్, అరిజోనా, న్యూ మెక్సికోల్లోనే పుట్టి పెరిగిన బండి దొరికితే వెయ్యి, రెండు వేల డాలర్లు ఎక్కువైనా అదే కొనండి. కార్‌ఫ్యాక్స్ అనే, బండి చరిత్ర చెప్పే రిపోర్టులో అది ఏయే రాష్ట్రాల్లో రిజిస్టర్ అయిందో వరసగా కనిపిస్తుంది. డల్లాస్‌లో అమ్మకానికి పెట్టినంత మాత్రాన డల్లాస్ బండి అనుకోకండి. ఉత్తరాది వేలంలో చౌకగా కొని ఇక్కడికి తోలుకొచ్చి అమ్మేవాళ్లున్నారు.

చూడటానికి పట్టపగలే వెళ్లండి. ఒక పాత దుప్పటి, టార్చిలైటు, చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి. దుప్పటి పరుచుకుని వెనక చక్రాల ముందు వైపు పడుకుంటే, లీఫ్ స్ప్రింగుల ముందు కొస ఫ్రేముకు బిగించిన చోటు కనిపిస్తుంది. మన లారీల వాళ్లు కమాను కట్టలంటారే, అవే ఈ స్ప్రింగులు. అసలు పరీక్ష అక్కడే. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెనక్కి రండి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది. తుప్పు తిన్నచోట శబ్దం చచ్చుగా వస్తుంది, పెచ్చులు పెచ్చులుగా మొహం మీద రాలుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. ఫ్రేముకు నీళ్లు కారడానికి వదిలిన కంతల్లోకి స్క్రూడ్రైవర్ పెట్టి గోకితే లోపల ఎంత పొడి పేరుకుందో తెలుస్తుంది. వెనక ఇరుసు పైభాగం, స్టెప్నీ వేలాడే చోటు కూడా వదలొద్దు. పైపైన తుప్పు మరకలుంటే ఫరవాలేదు, పాతికేళ్ల బండికి అవి సహజం. అప్పుడే పూసిన నల్ల రంగు నిగనిగలాడుతుంటే మాత్రం అనుమానించండి. సుత్తితో తట్టనివ్వను అనే ఓనరుకు నమస్కారం పెట్టి వచ్చేయండి, ఇంకో టకోమా దొరుకుతుంది.

ఫ్రేము నచ్చాక కూడా డబ్బు చేతిలో పెట్టకుండా, ఓనరుకు సంబంధం లేని మెకానిక్‌తో లిఫ్టు మీద ఒకసారి చూపించండి. వంద, రెండొందల డాలర్లలో అయ్యే పని. రీకాల్స్ (లోపమున్న భాగాన్ని కంపెనీయే ఉచితంగా బాగుచేసే పిలుపులు) ఏవైనా మిగిలున్నాయేమో అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో విన్ నంబరు (బండి ఛాసిస్ నంబరు) కొడితే ఉచితంగా చెబుతుంది. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (పెద్ద దెబ్బ తిన్నది) అని గానీ, రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగు చేసినది) అని గానీ ఉంటే కొత్తగా వచ్చినవాళ్లు దాని జోలికి పోకండి.

కొన్నాక అందరూ చేసే పని టైర్ల షాపుకు పరిగెత్తడం. మీరు అలా చేయకండి. ఈ బండిలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది కింది బాల్ జాయింటు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కీలు అది. చాలా బండ్లలో బరువు ఆ కీలును లోపలికి నొక్కి ఉంచుతుంది. ఈ తరం టకోమాలో బరువు దాన్ని బయటికి లాగుతూ ఉంటుంది. అరిగిపోయిందంటే ఒక్కసారిగా ఊడి, చక్రం బానెట్ కింద మడతపడుతుంది. 2001–2004 మోడళ్లకు టొయోటా 2005లో దీని కోసమే రీకాల్ ఇచ్చింది. అప్పుడు మార్చిన జాయింట్లయినా ఇప్పటికి రెండు దశాబ్దాలు దాటాయి. ఎప్పుడు మార్చారో కాగితం చూపించకపోతే, రెండు వైపులా మార్పించేయండి. ఇక్కడ మాత్రం చౌక భాగాలు వద్దు. టొయోటా ఒరిజినల్ జాయింట్లు, కొత్త బోల్టులు, బోల్టులు సరిగ్గా ఎంత బిగువు కావాలో అంతే బిగించడానికి టార్క్ రెంచి. మిగతా చోట్ల ఎంత పొదుపు చేసినా అడ్డుచెప్పను.

తర్వాత టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే పట్టీ. ఈ వి6కు 90,000 మైళ్లకు ఒకసారి మార్చాలి. మీరు చూసిన బండికి 1,80,000 దగ్గర రెండోసారి మారి ఉండాలి. రసీదు అడగండి. రసీదు లేకపోతే మార్చలేదనే లెక్కవేసి ధర తగ్గించమనండి. ఈ ఇంజన్‌లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, అంటే ఇంజన్ పోదు. అయినా బిగ్ బెండ్‌లో సెల్ సిగ్నల్ లేని మట్టిరోడ్డు మీద తెగితే ఆ ఊరట దేనికి పనికొస్తుంది? బెల్టుతోపాటే వాటర్ పంపు, పుల్లీలు, థర్మోస్టాట్ కూడా మార్పించండి. వాటికోసం మళ్లీ అంతా విప్పాలంటే కూలీ రెండింతలవుతుంది. అదే 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల బండి అయితే బెల్టు బదులు చైనే ఉంటుంది, ఈ ఖర్చు ఉండదు. బలం కొంచెం తక్కువైనా మొదటి బండిగా అది చాలా మంచి ఎంపిక.

బండి ఆటోమేటిక్ అయితే ఇంకో మాట. గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. పాతబడి లోపల చీలితే కూలెంటు, నూనె కలిసిపోయి గులాబీరంగు పాలలా తయారవుతాయి. దాంతో గేర్‌బాక్స్ గోవిందా. పాత రేడియేటర్ ఉంటే కొత్తది వేయించండి, లేదా నూనెకు వేరే కూలర్ బయట పెట్టించండి. గేర్‌బాక్స్ ధరతో పోలిస్తే అది చిల్లర.

నూనెలు మార్చడం మీరే నేర్చుకోవచ్చు. ముందు, వెనక డిఫరెన్షియళ్లు (ఇరుసుల మధ్య గేర్ల పెట్టెలు), ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకూ పంచే పెట్టె), మాన్యువల్ గేర్‌బాక్స్ అన్నిటికీ ఒకే సూత్రం: నూనె పోసే పై బోల్టును ముందు విప్పాలి, అది ఊడొచ్చాకే కింది బోల్టు ముట్టుకోవాలి. నూనె అంతా కార్చేశాక పై బోల్టు తుప్పుతో బిగుసుకుపోయిందని తెలిస్తే బండి అంగుళం కదలదు. రాత్రే పీబీ బ్లాస్టర్ అనే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే తెల్లారి సులువుగా వస్తుంది. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్నది చూడండి. మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే లోపల పళ్లు విరుగుతున్నట్టు. డ్రైవ్ షాఫ్టు కీళ్లకు గ్రీజు కొట్టే నిపుల్స్ ఉంటాయి, నూనె మార్చిన ప్రతిసారీ వాటికి గ్రీజు పెట్టండి. ఇక్కడి షాపుల్లో చాలామంది మర్చిపోయే పని ఇది.

పానాలు ఎక్కువ కొనక్కర్లేదు. టొయోటాలో ముప్పాతిక పని 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల పానాలతో అయిపోతుంది. ఎప్పుడో ఒకసారి వాడే పెద్ద పనిముట్లను ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపులు డిపాజిట్ తీసుకుని ఇస్తాయి, తిరిగిస్తే డబ్బు వాపస్. వాడిన నూనెను కూడా వాళ్లే ఉచితంగా తీసుకుంటారు, డ్రెయిన్‌లో పోస్తే జరిమానా. పని చేసే చోటే మనవాళ్లకు చిక్కు. చాలా అపార్ట్‌మెంట్ల లీజులో పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని రాసి ఉంటుంది. ఒకసారి చదువుకోండి. సొంతిల్లు ఉన్న స్నేహితుడి గరాజ్ దొరికితే అంతకన్నా కావాల్సిందేముంది. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం ఎంత చిన్న పనికైనా దూరొద్దు. గట్టి నేల మీద జాక్ స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఊపి చూసి, ఆ తర్వాతే దూరండి. ఇంట్లో మీకోసం ఎదురుచూసేవాళ్లున్నారు.

ఇవన్నీ అయ్యాక సోకులు. 33 అంగుళాల టైర్లు వద్దని నా సలహా. 265/75ఆర్16 సైజు దాదాపు 31.6 అంగుళాలు ఉంటుంది, బిగ్ బెండ్‌లో ఓల్డ్ ఓర్ రోడ్డుకైనా మోయాబ్‌లో మధ్యరకం దారులకైనా అది చాలు. 33 వేశారంటే ఖర్చు టైర్లతో ఆగదు. ఫెండర్ లోపల కోయాలి. బరువైన చక్రాన్ని ఆపడానికి పాత బ్రేకులు కష్టపడతాయి. హైవే మీద బండి గేరు పట్టలేక రొప్పుతుంటే ఇరుసుల్లో గేర్లు మార్పించాలి, అది వేల డాలర్ల పని. 31 అంగుళాల టైరుకు లెక్కకట్టిన స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు నిజానికి 64 మీద వెళ్తుంటారు.

లిఫ్ట్ కూడా రెండు, రెండున్నర అంగుళాల దగ్గర ఆపండి. అంతకు మించితే ముందు యాక్సిల్ షాఫ్టులు ఎక్కువ కోణంలో తిరిగి వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి. కేవలం ఎత్తు పెంచే స్పేసర్ ముక్కల మీద డబ్బు పెట్టేకన్నా, మంచి స్ప్రింగులు, షాకులు కొంటే ఎత్తుతోపాటు నడక కూడా బాగుపడుతుంది. వెనక కట్టలు ఎలాగూ కుంగిపోయి ఉంటాయి, కొత్తవి వేయించండి. ఒక సంగతి చాలా షాపుల వాళ్లు చెప్పరు. వెనక ఇరుసు నుంచి ఒక కడ్డీ పైన ఉన్న బ్రేకు వాల్వుకు వెళ్తుంది. బండిలో ఎంత బరువుందో దాన్ని బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి ఇచ్చేది అదే. వెనక ఎత్తు పెంచితే బండి ఖాళీగా ఉందనుకుని అది వెనక బ్రేకులను తగ్గించేస్తుంది. ఆ కడ్డీని కూడా సరిచేశారా అని అడిగి, చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. వీల్ అలైన్‌మెంట్ ఎలాగూ తప్పదు.

చట్టాల విషయానికొస్తే రాష్ట్రానికో రకం. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు సొంత బండ్లకు ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. డల్లాస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఉన్నా, 24 ఏళ్లు దాటిన పెట్రోలు బండికి అదీ లేదు. సులువైందని సంతోషిస్తాం గానీ, అడగకుండా మీ బండి కిందకి తొంగిచూసేవాళ్లు ఇక ఎవరూ లేరని కూడా దానర్థం. ఏడాదికోసారి మీరే చూసుకోండి. కాలిఫోర్నియాకు మారే ఉద్దేశముంటే ఇంజన్, ఎగ్జాస్ట్ వైపు ఏ భాగం మార్చినా దానికి ఆ రాష్ట్ర అనుమతి నంబరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే స్మాగ్ పరీక్షలో ఆగిపోతుంది. చేయించిన మార్పులన్నీ ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి, చెప్పనివి క్లెయిమ్‌లో రాకపోవచ్చు.

వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. సొంత బండిని సొంతానికి బాగు చేసుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు. పాత ట్రక్కులు కొని, బాగుచేసి, లాభానికి అమ్మడం మాత్రం వ్యాపారం. వారాంతాల్లో ఎవరి షెడ్డులోనో డబ్బు తీసుకుని పనిచేయడం కూడా అంతే. ఎఫ్-1, హెచ్-1బి మీద ఉంటే అటార్నీని అడగకుండా అటువైపు వెళ్లకండి.

చిన్నపిల్లలున్నవాళ్లు నాలుగు తలుపుల డబుల్ క్యాబే చూడండి, అది 2001 మోడల్ నుంచి వచ్చింది. ఎక్స్‌ట్రా క్యాబ్ వెనక సీట్లు పేరుకే. ఏ క్యాబ్ అయినా ఈ తరం బండిలో నేటి కార్లలా జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. ఎత్తు పెంచాక మలుపుల్లో నెమ్మది.

మొదటి ట్రిప్పుకు ఒంటరిగా వెళ్లకండి, ఇంకో బండి తోడుండాలి. తారు రోడ్డు పొడిగా ఉన్నప్పుడు ఫోర్ వీల్ వేయకండి, ముందు, వెనక చక్రాలు పెనవేసుకుని గేర్లు దెబ్బతింటాయి. రాళ్ల దారి మొదలయ్యేచోట టైర్ల గాలి 20 పీఎస్ఐ దాకా దింపితే బండి కుదుపు బాగా తగ్గుతుంది. తిరిగి హైవే ఎక్కేముందు గాలి నింపడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి. వాగు దాటాల్సి వస్తే ఒడ్డున కాసేపు ఆగండి. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో దిగగానే గాలి గొట్టం గుండా నీళ్లు పీల్చుకుంటుంది. ఆ గొట్టాన్ని పైకి పొడిగించుకోవడానికి పాతిక డాలర్లు కూడా కావు. ఇంటికొచ్చాక పై బోల్టు విప్పి చిటికెన వేలు పెట్టి చూడండి. నూనె తెల్లగా, మజ్జిగలా కనిపిస్తే ఆ వారమే మార్చేయండి.