కోపు మారేచోట వలయం ఎందుకు చెదురుతుంది?

ప్రశ్న: మా అపార్టుమెంటు ఆడవాళ్లం పదహారు మంది దసరాకి కోలాటం నేర్చుకుంటున్నాం. ఆరు కోపులు (అడుగులూ కోల దెబ్బలూ కలిసిన వరసలు) విడివిడిగా శుభ్రంగా వేస్తాం. ఒక కోపులోంచి ఇంకోదానిలోకి మారగానే గుద్దుకుంటున్నాం. నేర్పేది నేనే. ఏం చేయాలి?
– పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కోపులు మొదటినుంచి మళ్లీ మళ్లీ వేయించడం ఆపండి. పాత కోపు చివరి నాలుగు లెక్కలు, కొత్త కోపు మొదటి నాలుగు లెక్కలు కలిపి ఎనిమిదిగా పట్టుకుని అదే ఒక పాఠంగా చెప్పండి. ముందు కోలలు పక్కన పెట్టి, పాట లేకుండా, నోటి లెక్కతో కాళ్లు మాత్రమే. అది కుదిరాకే కోలలు.

తడబాటు ఎక్కువగా పాదం దగ్గరే పుడుతుంది. ఏడు అడుగులు వేసి ఎనిమిదో లెక్కకి ఎడమ మునివేలు తట్టి ఆగే కోపు తీసుకోండి. అప్పుడు బరువు కుడికాలి మీద ఉంటుంది. కొత్త కోపు కూడా కుడికాలితోనే మొదలైతే ఆ కాలు లేవదు. సగంమంది గెంతుతారు, సగంమంది ఒక లెక్క ఆలస్యమవుతారు. మారే ఆవృత్తంలో (ఎనిమిది లెక్కల చుట్టులో) మాత్రం ఆ తట్టు తీసేసి ఎడమకాలు పూర్తిగా మోపించండి. కుడికాలు ఖాళీ అవుతుంది.

రెండోది, ముఖం ఎటు ఉందో చూడండి. ఉద్దులు (జతగా ఆడేవాళ్లు) ఎదురెదురుగా ఉన్న కోపు అయ్యాక అందరూ ప్రదక్షిణగా కదలాలంటే లోవరసవాళ్లు కుడికి, బయటి వరసవాళ్లు ఎడమకి తిరగాలి. మీరు ‘కుడికి’ అని అరిస్తే బయటి ఎనిమిది మందీ అడ్డం తిరుగుతారు. గుద్దుకునేది అందుకే కావచ్చు. ‘ప్రదక్షిణ’ అని చెప్పండి, ఎవరికి వాళ్లే తిరుగుతారు.

కోలల సంగతి సులువే. చివరి లెక్కకి కోల ఉద్ది వైపు చాచి ఉంటే వెంటనే తలపైకి ఎత్తి కొట్టడానికి చెయ్యి రాదు. మారే ముందు ఆఖరి లెక్కలో ఎవరి కోలలు వాళ్లే కొట్టుకునేలా పెట్టండి.

ఈల ఎప్పుడు వేస్తున్నారు? కోపు అయిపోయాక వేస్తే లాభం లేదు. ఆఖరి ఆవృత్తంలో అయిదో లెక్కకి ఈల, ఆరు ఏడులో కోపు పేరు, ఎనిమిదిలో మీరు నోరు మూసుకోవాలి. వేగం కూడా మారేచోట పెంచకండి. కొత్త కోపు ఒక ఆవృత్తం పాత నడకలోనే సాగనిచ్చి తర్వాత పెంచండి.

ఉద్దులు మారే కోపులో ఇంకో లెక్క ఉంది. వరసకి ఎనిమిది మంది కదా, ఒక వరసే ఒక్కో స్థానం జరిగితే ఎనిమిదో మార్పుకి మొదటి ఉద్ది దొరుకుతుంది. రెండు వరసలూ ఎదురు దిశల్లో జరిగితే నాలుగో మార్పుకే. ఈల అక్కడ పడితే ఎవరూ జత వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: జడ కోలాటంలో (పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని జడలా అల్లే ఆటలో) అల్లడం బాగానే వస్తోంది. విప్పేటప్పుడు తాళ్లు చిక్కుపడుతున్నాయి.
– పాఠకుడు, తెనాలి, గుంటూరు జిల్లా

జవాబు: వెనక్కి తిరిగాక మీవాళ్లు వంతు మారుస్తున్నారు. చివరగా ఎవరిని బయటినుంచి దాటారో, తిరగగానే ఆ మనిషినే మళ్లీ బయటినుంచే దాటాలి. ఆ తర్వాతే లోపలినుంచి. ‘ఇందాక బయట, ఇప్పుడు లోపల’ అనుకుంటే ముడి విప్పడానికి బదులు ఇంకో ముడి వేసినట్టే. తిరిగే ముందు రెండు లెక్కలు ఆపి, ఎవరిని దాటి వచ్చారో చూసుకోమనండి. ఆ ఆగడంలో తాడు వదులు కాకూడదు.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి దగ్గర కాంట్రా డాన్సు (జంటలు వరసల్లో నిలబడి ఆడే జానపద నృత్యం) చూశాను. ఒకరు మైకులో చెబుతుంటే కొత్తవాళ్లూ ఆడేస్తున్నారు. ఆ పద్ధతి కోలాటానికి పనికొస్తుందా?
– పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సగం పనికొస్తుంది. అక్కడ సాధారణంగా పాట ఒక చుట్టు 64 లెక్కలు. చుట్టు పూర్తయ్యేసరికి ప్రతి జంటా వరసలో జరిగి, కొత్త పొరుగు జంటతో అదే ఆట మొదలుపెడుతుంది. అన్నిసార్లు తిరిగొస్తుంది కాబట్టే చెప్పేవాళ్లు కాసేపటికి మాటలు తగ్గించేస్తారు. వాద్యం మొదలయ్యే ముందు ఆట మొత్తం నడిపించి చూపిస్తారు. మాట కూడా ముందు కదలిక చివరి లెక్కల్లోనే పడుతుంది.

మనం తీసుకోవాల్సింది వాళ్ల తిరుగుడు లెక్క. స్వింగ్ అంటే జంట పట్టుకుని గడియారం ముల్లులా తిరగడం. కుడిచేతులు పట్టుకుని తిరిగే అలెమాండ్ కూడా అదే దిశ, అందుకే దానిలోంచి స్వింగ్‌లోకి ఒళ్లు దానంతటదే వెళ్తుంది. ఎడమచేతుల అలెమాండ్ ఎదురు దిశ; ఊపు ఆపి తిప్పుకోవాలి. మీ కోపుల్లోనూ కుడిభుజం వైపు తిరిగిన ఉద్దుల్ని వెంటనే ఎడమవైపు తిప్పాల్సి వస్తే మధ్యలో నిలబడి రెండు దెబ్బలు కొట్టించండి, ఊపు అక్కడ తగ్గుతుంది.

మైకులో వివరంగా చెప్పడం మాత్రం వద్దు. కోలల చప్పుడులో సగం వినపడదు, పైగా పాట చెడుతుంది. ఈల, ఒక చిన్న మాట, అంతే.