ఎక్సర్‌సైజ్ అయ్యాక ఫోన్ చేసి ఏడ్చాడు, వెనక్కి పిలిపించమంటారా?

ప్రశ్న: అయ్యా, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటర్ అయ్యాక గుంటూరులో రూమ్ తీసుకుని రోజూ గ్రౌండ్‌కి వెళ్లి, రెండో ప్రయత్నంలో అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు. ట్రైనింగ్‌కి వెళ్లి ఇది ఐదో నెల. పోయిన వారం బయట అడవిలోకి ఎక్సర్‌సైజ్‌కి, అంటే యుద్ధ సాధనకి తీసుకెళ్లారట. గుంత తవ్వుకుని వానలో రెండు రాత్రులు అందులోనే ఉన్నారట. ఆదివారం ఫోన్ చేసి "అమ్మా, నా వల్ల కావట్లేదు, కాళ్లు నొప్పి, వచ్చేస్తా" అని ఏడ్చాడు. పెట్టేసే ముందు మాత్రం గేదె ఈనిందా అని అడిగాడు. వాళ్ల నాన్న వచ్చేయమంటున్నారు. పిలిపించమంటారా? అసలు పంపుతారా?

జవాబు: అమ్మా, పిలిపించాలా వద్దా అనేది కాసేపు పక్కన పెడదాం. కాళ్లు నొప్పి అన్నాడని రాశారు. ఎక్కడ నొప్పి? మడమల దగ్గరా, పిక్కల్లోనా, ఎముక మీదా? మీరు అడిగి ఉండరు. ఏడుస్తున్న బిడ్డను ఏ తల్లీ అలా అడగదు. కానీ నేను మీకేం చెప్పాలన్నా ముందు అది తెలియాలి.

నేను ఫౌజులో, అంటే సైన్యంలో 17 ఏళ్లు చేసి వచ్చి, ఇక్కడ గుంటూరులో సెలక్షన్లకు వెళ్లే పిల్లలకు సలహాలు చెబుతున్నాను. మీకు వచ్చినలాంటి ఫోన్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరి ఇంటికి వస్తాయి. మొదటి పెద్ద ఎక్సర్‌సైజ్ అయ్యాక వచ్చే ఆదివారమే ఎక్కువగా వస్తాయి. అగ్నివీర్ ట్రైనింగ్ మొత్తం 31 వారాలు. మొదటి 10 వారాలు డ్రిల్లు, పీటీ, రైఫిల్, ఫైరింగ్ లాంటివి నేర్పుతారు. తర్వాత తన విభాగానికి సంబంధించిన ట్రైనింగ్. పరేడ్ గ్రౌండ్‌లో విడివిడిగా నేర్చుకున్నవన్నీ ఎక్సర్‌సైజ్‌లో ఒకేసారి, నిద్ర లేకుండా, తడి బట్టలతో చేయాలి. ఎవరికైనా అక్కడే తెలుస్తుంది తాను ఏ ఉద్యోగంలో చేరాడో.

మన దగ్గర పిల్లలు దేనికి తయారై వెళ్తున్నారో చూడండి. పూర్తి మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తాలి, బీమ్ పట్టుకుని 10 పుల్-అప్స్ తీయాలి. తెల్లవారుజామున బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో పరిగెత్తే పిల్లలను చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ పరుగు ఆరు నిమిషాల్లో అయిపోతుంది, వీపు మీద ఏమీ ఉండదు, కాళ్లకు తేలిక బూట్లు. ఎక్సర్‌సైజ్‌లో వీపు మీద పిట్టు (సామాను సంచి), చేతిలో రైఫిల్, కాళ్లకు బరువు బూట్లు, రాత్రంతా నడక. ఎంపికయ్యాక చేరేలోపు నెలా రెండు నెలలు ఖాళీ దొరుకుతుంది. ఆ రోజుల్లో బరువు మోస్తూ నడవడం అలవాటు చేయమని కోచింగ్ ఇచ్చేవాళ్లందరినీ నేను బతిమాలుతూనే ఉన్నాను. మీవాడికి ఎవరూ చెప్పి ఉండరు. అందులో అతని తప్పు లేదు.

ఇక ఆ రెండు రాత్రులు ఎలా గడుస్తాయో చెబుతాను, మీకు ఊహ అందాలి కదా. పగలు మోర్చా, అంటే లోపల దాక్కుని కాల్చే గుంత తవ్వాలి. మన నల్లరేగడిలో పార దిగినట్టు అక్కడ దిగదు. కింద రాయి తగులుతుంటే గునపంతో పొడుచుకుంటూ పోవాలి, అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఆ మోర్చా మీద మళ్లీ గడ్డి, కొమ్మలు కప్పాలి. "చీజ్ క్యోం నజర్ ఆతీ హై" అని క్లాసులో ఒక పాఠం చెబుతారు. వస్తువు ఎందుకు కనిపిస్తుంది? ఆకారం వల్ల, మెరుపు వల్ల, నీడ వల్ల, కదలిక వల్ల. క్లాసులో అది నాలుగు మాటలే. మోర్చాలో వానకు వణుకుతూ కదలకుండా కూర్చున్నప్పుడు అర్థమవుతుంది కదలకపోవడం ఎంత కష్టమో. చీకటి పడే ముందు, తెల్లవారే ముందు అందరూ రైఫిల్ పట్టుకుని సిద్ధంగా ఉండాలి. మధ్యలో సెంట్రీ డ్యూటీ, అంటే కాపలా. మిగిలిన కాసేపట్లోనే నిద్ర.

ఇంకో కష్టం ఉంది, పిల్లలు ఇంట్లో చెప్పరు. భాష. ఆర్డర్లన్నీ హిందీలో. మా రోజుల్లో ఒకసారి ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చే ఆయన) దూరంగా ఒంటరి చెట్టు చూపించి "అకేలా పేడ్, తీన్ బజే, ఝాడీ" అన్నాడు. ఆ చెట్టు మీద గడియారం పెట్టినట్టు అనుకుంటే మూడు అంకె ఉండే వైపు, అంటే చెట్టుకు కుడిపక్కనున్న పొద అని దాని అర్థం. నాకేమో మూడు గంటలకు ఏదో చేయాలన్నట్టు వినిపించింది. అందరూ పొద వైపు రైఫిళ్లు తిప్పారు, నేను అలాగే ఉండిపోయాను. దానికి శిక్షగా మా సెక్షన్ (చిన్న జట్టు) మొత్తానికీ ఫ్రంట్ రోల్స్, అంటే ముందుకు పల్టీలు పడ్డాయి. నా వల్ల తొమ్మిది మంది రాళ్లలో దొర్లారన్న బాధతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనూ ఇంటికి వెళ్లిపోదామనే అనుకున్నాను. మీవాడి ఏడుపులో సగం భాషది కావచ్చు. మాటలు అర్థమవుతున్నాయా అని అడగండి. అర్థం కాకపోతే హిందీ బాగా వచ్చిన కుర్రాడిని పక్క మంచం వాడిగా చేసుకోమనండి. రోజుకు పది మాటలు నేర్చుకున్నా రెండు నెలల్లో తేడా తెలుస్తుంది.

సరే, కాళ్ల సంగతి. మడమ మీద, వేళ్ల మీద బొబ్బలైతే భయం లేదు. మేజోడు పుండుకు అంటుకుపోతే లాగకూడదు, నీళ్లతో తడిపి మెల్లగా తీయాలి. బొబ్బ మీది తోలు పీకకూడదు. పడుకునే ముందు కాళ్లు పూర్తిగా ఆరబెట్టి, పౌడర్ చల్లి, పొడి మేజోళ్లు వేసుకోవాలి. ఎంత అలసట ఉన్నా ఈ ఒక్క పని మానకూడదు. పిక్కలు, తొడలు మొత్తం పట్టేసినట్టు ఉంటే అది బడలిక, నాలుగు రోజుల్లో పోతుంది.

కానీ మోకాలి కింద ముందు ఎముక మీద, వేలితో నొక్కితే రూపాయి బిళ్లంత చోట మాత్రమే ప్రాణం పోయినట్టు నొప్పి ఉందా? పరిగెత్తితే ఎక్కువై, పడుకున్నా తగ్గట్లేదా? అయితే ఎముకలో సన్నని బీట పడి ఉండొచ్చు. గజ్జల్లో నొప్పితో కుంటుతుంటే ఇంకా జాగ్రత్త. అలాంటప్పుడు ఆ రోజే ఎంఐ రూమ్‌కి, అంటే అక్కడి వైద్య కేంద్రానికి వెళ్లి చూపించుకోవాలి. పిల్లలు దాస్తారు. రెస్టు రాస్తే రెలిగేట్ చేసి వెనక బ్యాచ్‌లో వేస్తారని, స్నేహితులు ముందుకు వెళ్లిపోతారని భయం. నేనూ దాచాను. మూడు వారాలు నొప్పి బిగబట్టి పరిగెత్తితే ఆఖరికి కాలికి కట్టు పడింది. మా బ్యాచ్ కసమ్ పరేడ్ (ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే పరేడ్) చేస్తుంటే పక్కన కర్ర పట్టుకుని నిలబడి చూశాను. మొదటి రోజే చూపించుకుని ఉంటే అంత దూరం వెళ్లేది కాదు. బ్యాచ్ మారితే ఉద్యోగం పోదని అతనికి గట్టిగా చెప్పండి.

నిద్ర పట్టక, తిండి మానేసి, బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మాత్రం ఆదివారం దాకా ఆగకండి. అతని ట్రైనింగ్ కంపెనీ (అక్కడ అతను ఉండే దళం) ఫోన్ నంబర్ ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. వెంటనే ఫోన్ చేసి కంపెనీ కమాండర్‌తో మాట్లాడించమని అడగండి.

పంపుతారా అని అడిగారు. నాలుగేళ్లు పూర్తికాకుండా సొంత ఇష్టంతో మానేయడానికి అగ్నివీర్ నిబంధనలు ఒప్పుకోవు, చాలా అసాధారణమైన సందర్భాల్లో పైఅధికారులు అనుమతిస్తే తప్ప. అలా వచ్చినా సేవానిధిలో (నాలుగేళ్లు అయ్యాక అగ్నివీర్‌కి ఇచ్చే మొత్తం) తన జీతం నుంచి కోసిన డబ్బు, దాని వడ్డీ వస్తాయి కానీ ప్రభుత్వం వేసే వాటా రాదు. వాళ్ల నాన్నగారికి ఇది చెప్పండి. అయినా డబ్బు కోసం ఉండమని అబ్బాయితో అనకండి, ఈ సమయంలో ఆ మాట గుచ్చుకుంటుంది.

నా సలహా అడిగితే, ఇప్పుడు పిలిపించవద్దు. బాగా అలసిన రోజు చెప్పిన మాటను నిర్ణయంగా తీసుకోకూడదు. తర్వాతి ఎక్సర్‌సైజ్ కూడా చేయనివ్వండి. మొదటిసారి భయపెట్టిన చీకటి రెండోసారి అంత భయపెట్టదు. వచ్చే ఆదివారం "ఎలా ఉన్నావు నాన్నా" అని ఆపేయకుండా ఎక్కడ నొప్పి, ఎంఐ రూమ్‌కి వెళ్లావా, రాత్రి ఎంతసేపు పడుకున్నావు అని విడివిడిగా అడగండి. వాళ్ల నాన్నను కూడా మాట్లాడమనండి, వచ్చేయమనే మాట మాత్రం వద్దనండి.

ఈలోపు ఒక ఉత్తరం రాయించండి. ఫోన్ ఆదివారమే దొరుకుతుంది, ఉత్తరం జేబులో ఉంటుంది. ధైర్యం చెప్పే మాటలు అక్కర్లేదు. మిరపకాయ ఎన్ని బస్తాలైంది, యార్డుకు ఎప్పుడు తోలారు, కాలువకు నీళ్లు వస్తున్నాయా, అవి రాయండి. గేదె ఈని ఉంటే పెయ్యదూడో దున్నదూడో కూడా రాయండి, అడిగాడు కదా.