మీ అమ్మ మందుల ఖర్చు గురించి

చిరంజీవి కిరణ్‌కి,

వదినగారు గ్రీన్ కార్డు మీద వచ్చి ఐదేళ్లు కావొస్తోందని రాశావు. 65 దాటినవాళ్లు గ్రీన్ కార్డుతో ఐదేళ్లు ఆగకుండా ఇక్కడే అమెరికాలో ఉంటే, పెద్దవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య ఇన్సూరెన్స్ మెడికేర్‌లో చేరొచ్చు. ఐదేళ్లు నిండే నెలకు మూడు నెలల ముందే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో పని మొదలుపెట్టు. మీ నాన్నకీ, అమ్మకీ ఇక్కడ ఉద్యోగాలు లేవు కాబట్టి ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏకి నెలనెలా చాలా కట్టాలి. అది బరువైతే డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బి ఒక్కటే తీసుకుని, మందులకు పార్ట్ డి పెట్టుకోవచ్చు.

"వేసుకునేది రెండు మాత్రలే కదా, హైదరాబాద్ నుంచి ఎవరో ఒకరు తెస్తారులే" అని పార్ట్ డి మాత్రం వాయిదా వెయ్యకు. చేరాల్సిన గడువు దాటాక, వేరే సరైన మందుల ఇన్సూరెన్స్ లేకుండా గడిచిన ప్రతి నెలకూ బేస్ ప్రీమియంలో (దేశమంతటికీ ఏటా ప్రకటించే అంకె) ఒక శాతం జరిమానా. మూడేళ్లు ఆగితే 36 శాతం. ఒకసారి కట్టేస్తే తీరిపోయేదీ కాదు, ప్లాన్ ఉన్నన్నాళ్లూ ప్రీమియంతో పాటు కడుతూనే ఉండాలి.

ప్లాన్ చూసేముందు ఒక కాగితం తీసుకో. అమ్మ స్ట్రిప్పు మీద టెల్మా 40 అని ఉంటే టెల్మిసార్టాన్, 40 మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అని రాయి. గ్లైకోమెట్ అయితే మెట్‌ఫార్మిన్. మన బ్రాండ్ పేర్లు ఇక్కడి ఫార్మసీకి అర్థం కావు. ఆ పేర్లు, మీ ఇంటి దగ్గరి ఫార్మసీ మెడికేర్ వెబ్‌సైట్‌లో కొడితే ఏ ప్లాన్‌కు ఏడాది మొత్తం ఎంతవుతుందో చూపిస్తుంది. చూడాల్సింది ఆ మొత్తమే. ప్రీమియం సున్నా అని మురిసిపోతే, అసలు అమ్మ మందు ఆ ప్లాన్ ఇచ్చే మందుల జాబితాలోనే ఉండకపోవచ్చు.

జాబితాలోని మందులకు 2026లో జేబులోంచి 2,100 డాలర్లు దాటి పెట్టక్కర్లేదు. ఇన్సులిన్ అవసరమైతే నెలకు 35 డాలర్ల లోపే.

ఇక న్యూజెర్సీ వాళ్లకు మందుల ఖర్చుకు రాష్ట్రమే ఇచ్చే సాయం ఒకటుంది, పి.ఏ.ఏ.డి. అని. మనవాళ్లలో చాలామంది దీని ఊసే ఎత్తరు, నాకు అదే విడ్డూరం. పార్ట్ డికి ఇది బదులు కాదు, దాని మీద అదనం. మందు తీసుకున్నప్పుడల్లా జెనరిక్‌కు 5 డాలర్లు, బ్రాండ్‌కు 7, అంతే. కొన్ని ప్లాన్లకు ప్రీమియం కూడా వాళ్లే కడతారు. బ్యాంకులో ఎంత దాచుకున్నారని అడగరు, ఆదాయమే చూస్తారు. ఒంటరివారికి ఒక పరిమితి, దంపతులకు ఒకటి, ఏటా మారుతుంది. అది దాటితే సీనియర్ గోల్డ్ అనే ఇంకో రాష్ట్ర సాయం ఉంది: మందుకు 15 డాలర్లు, మిగిలిన ధరలో సగం మనది. ఎన్‌జే సేవ్ అనే ఒకే అప్లికేషన్‌తో రెంటికీ చూస్తారు.

నువ్వు డల్లాస్ మారితే ఇది వెంట రాదు. ఇండియాలో కొన్న మందులకైతే పార్ట్ డి కూడా పైసా ఇవ్వదు. అందుకే ప్రయాణానికి ముందే 90 రోజుల మందులు ఒకేసారి ఇమ్మని అడుగు.

ఏటా అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు ప్లాన్ మార్చుకోవచ్చు. ఆ రోజుల్లో ఏజెంట్ల ఫోన్లు తెగ వస్తాయి. షిప్ అని మెడికేర్ మీద సలహా ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం ఉంది, దాని కౌన్సిలర్లు ఏ ప్లానూ అమ్మరు, ఉచితంగా కూర్చుని చూసిపెడతారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు.

అమ్మ స్ట్రిప్పులన్నీ ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి, జెనరిక్ పేర్లు నేను రాసి పంపిస్తాను. వెనకవైపు కూడా తియ్యి.

మీ బాబాయి