వాడు మర్చిపోవట్లేదమ్మా, మనసులో నిలవట్లేదు

అమ్మాయీ,

"పెద్దమ్మా, వీడికి టీవీ యాడ్స్ అన్నీ నోటికొచ్చు, రెండు పనులు చెబితే మాత్రం గుర్తుండవు, కావాలనే చేస్తున్నాడా?" అని మీ అబ్బాయి గురించి నిన్న ఫోన్లో ఏడ్చావు. కావాలని కాదు తల్లీ. ఆ అనుమానం ముందు తీసెయ్.

మీ అన్నయ్యకి ఏడేళ్లప్పుడు సికింద్రాబాద్‌లో ఏ నంబరు బస్సు ఎటు వెళ్తుందో గడగడా చెప్పేవాడు. ఒకరోజు బడి నుంచి రాగానే "చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, డబ్బా సింక్‌లో వెయ్" అన్నాను. కాసేపటికి చూస్తే బాత్రూంలో చెప్పులతోనే నిలబడి డబ్బా కడుగుతున్నాడు. గట్టిగా అరిచాను. నా మాటల్లో తనకి అందిన ముక్కలు కలుపుకుని చెప్పినట్టే చేస్తున్నాడని తెలిసేసరికి చాలా కాలం పట్టింది. ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఏళ్ల తరబడి దాచుకునే జ్ఞాపకం వేరు, పని అయ్యేదాకా మనసులో పట్టి ఉంచేది వేరు. రెండోదాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. పెద్దవాళ్లకే అందులో ఒకసారికి నాలుగైదు విషయాలకు మించి నిలవవు. ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ఇబ్బంది) ఉన్న పిల్లల్లో చాలామందికి ఇంకా తక్కువ.

అందుకే ఒక్క పని చెప్పి ఆగు. మనసులో పది లెక్కపెట్టు. ఈలోగా అదే మాట ఇంకోలా చెప్పకు. వాడికి అది ఇంకో కొత్త పనిలా వినిపించి, మొదటిది చెరిగిపోతుంది.

మాట గాల్లో కలిసిపోతుంది, బొమ్మ గోడ మీదే ఉంటుంది. అయితే కొన్న చార్టులు వద్దు. చార్టులో చెప్పుల బొమ్మ చూపిస్తే మీ అన్నయ్య "నావి కాదు" అన్నాడు. వాడి చెప్పులు, మీ బకెట్, మీ సింక్ ఫొటోలే వరసగా అంటించు.

డిక్టేషన్ సంగతి. మన తెలుగులో గుణింతం, వత్తు చూసుకుని ఒక మాట రాసేలోపు మిగతా వాక్యం జారిపోతుంది. దాన్ని చదువు రాకపోవడం అనుకోకు. రెండేసి మాటలుగా చెప్పు. తీసివేతలో అప్పు తెచ్చుకునే మెట్లు అట్టముక్క మీద రాసి పక్కన పెట్టు. అది కాపీ కొట్టడం కాదు, తల మీద బరువు దించడం. ఇంట్లో చిల్లర లెక్క వచ్చినా కిరాణా కొట్టు దగ్గర రాకపోవచ్చు, అక్కడికి తీసుకెళ్లి మళ్లీ నేర్పు. కొత్త పని నేర్పేటప్పుడూ అంతా ఒకేసారి వద్దు. చొక్కా గుండీలు నువ్వే పెట్టి, చివరిది మాత్రం వాడికి వదులు. తర్వాత చివరి రెండూ.

ఆటలతో జ్ఞాపకశక్తి పెంచుతామనే బ్రెయిన్ ట్రైనింగ్ కోర్సులకి డబ్బు పొయ్యకు. మేము ఏడాది కట్టాం. ఆ ఆటల్లో స్కోరు పెరిగింది, బడి పనిలో ఏ మార్పూ లేదు. ఆ తర్వాత చదివిన పరిశోధనల్లోనూ అదే ఉంది.

వాడికున్న ఇబ్బంది ఏమిటో పరీక్ష చేయించడానికి సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ రెండూ ఉన్నాయి. వైకల్య సర్టిఫికెట్ ఉంటే బడి పరీక్షల్లో ఎక్కువ టైమ్, స్క్రైబ్ (వాడు చెబితే రాసిపెట్టే మనిషి) అడగొచ్చు. పదో తరగతి దాకా ఆగకు.

ఆదివారం వస్తాను. ఫొటోలు ప్రింట్ వేయించి ఉంచు, వాడి చేతే అంటిద్దాం.

మీ పెద్దమ్మ