చిత్తూరు జిల్లా నుంచి క్యాట్ రాయడానికి బెంగళూరు కోచింగ్‌కి పోవాలా, తిరుపతిలోనే ఉండి చదువుకోవచ్చా?

తమ్ముడూ, నువ్వని పిలుస్తున్నా, ఏమీ అనుకోకు. పలమనేరు వైపు నుంచి వచ్చి తిరుపతిలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నానన్నావు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఐఐఎంలలో ఎంబీఏకి పెట్టే క్యాట్ పరీక్ష ఈసారి రాయాలని ఉంది, బెంగళూరులో కోచింగు, హాస్టలు కలిపి లక్షన్నర దాకా అవుతుందంటున్నారు, పోవాలా వద్దా, ఈ ఇంగ్లీషుతో నెట్టుకురాగలనా, రూంలో నెట్ సరిగా రాదు, మాక్‌లు, అంటే నమూనా పరీక్షలు, ఎక్కడ రాయాలి. ఇవేగా నువ్వడిగింది.

పోవద్దు. నేను పోయి వచ్చినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మాది పాకాల దగ్గర పల్లె. డిగ్రీ అయిపోగానే 2020 జనవరిలో బెంగళూరు పోయి ఒక కోచింగ్ సెంటర్లో 52 వేలు కట్టా. రెండు నెలలు తిరక్కుండానే లాక్‌డౌన్. క్లాసులు ఫోన్లోకి వచ్చేశాయి. మా ఊళ్ళో సిగ్నల్ దొరికేది నీళ్ల ట్యాంకు మెట్ల మీద మాత్రమే, మధ్యాహ్నం ఆ మెట్లు కాలిపోతుంటే గోనెసంచి వేసుకుని కూర్చుని త్రికోణమితి విన్నా. డబ్బు వెనక్కి అడిగితే రూలు ఒప్పుకోదన్నారు. సరే, అది వాళ్ళ ధర్మం. ఆ రెండు నెలల్లోనూ, తర్వాత ఫోన్లోనూ వాళ్ళు నేర్పించిందంతా ఫార్ములాలు, షార్ట్‌కట్‌లు. ఆ ఏడాది నవంబరులో పరీక్ష రాస్తే 67 పర్సెంటైల్ వచ్చింది. అంటే రాసినవాళ్ళలో మూడోవంతు మంది నా ముందున్నారు. అంత వెనకబడ్డాక నన్ను ఏ ఐఐఎమ్మూ పిలవలేదు.

లెక్కల్లో 26 ప్రశ్నలుంటే 22 పెట్టి వచ్చా. బయటికి వచ్చేటప్పుడు ఛాతీ ఇంత పొంగింది. కీ చూసుకుంటే తొమ్మిది కరెక్టు. నెగటివ్ పోగా చేతికి మిగిలింది పదిహేను లోపే. ఫార్ములాలన్నీ వచ్చు, ఆ 22లో నాకు తెలీని చాప్టరు ఒక్కటీ లేదు. మరి ఎక్కడ పోయిందో అర్థం కావడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది.

మనకు చిన్నప్పటి నుంచీ ఖాళీ వదలడం పాపం. పబ్లిక్ పరీక్షలో తెలీకపోయినా ఏదో ఒకటి రాసి రా, అరమార్కయినా వేస్తారు అని పంపిస్తారు. రాష్ట్రంలో ఎంబీఏ సీట్లకు పెట్టే మన ఐసెట్ కూడా ఆ జాతే. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగటివ్ లేదు, చివరి నిమిషంలో మిగిలినవన్నీ గుడ్డిగా నొక్కేసి వస్తాం. క్యాట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. నేను రెండోసారి రాసిన 2021లో మొత్తం 66 ప్రశ్నలు, 198 మార్కులు. 2024లో 68 అయ్యాయి. మూడు సెక్షన్లు (ఇంగ్లీషు, రీజనింగ్, లెక్కలు), ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాంట్లో మిగిలిన టైము ఇంకోదాంట్లో వాడుకోవడానికి లేదు. కరెక్టయితే మూడు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పయితే ఒకటి పోతుంది. ఇందులో దాదాపు సగం మార్కులు తెచ్చుకున్నవాడు 99 పర్సెంటైల్ దగ్గర కూర్చుంటాడు. సగం పేపరు వదిలేసి వచ్చినవాడు ఫస్టు! ఇది మన బుర్రకు ఎక్కడం చాలా కష్టం. నాకూ ఎక్కలేదు.

అందరూ నెగటివ్ మార్కులంటే భయపెడతారు గానీ అసలు భయం అది కాదు. నాలుగు ప్రశ్నలకు కళ్ళు మూసుకుని నొక్కితే సగటున ఒకటి తగిలి మూడు వస్తుంది, మూడు తప్పి మూడు పోతుంది, సున్నా దగ్గరే ఉంటావు. ఒక ఆప్షన్ కాదని తేల్చుకున్నాక నొక్కితే నీకే కాస్త లాభం. పోయేది మార్కు కాదు, టైము. రాని ప్రశ్న మీద ఏడు నిమిషాలు పెడితే, వచ్చే ప్రశ్నలు మూడు చూడకుండానే బెల్లు కొడతారు. నా 22లో జరిగింది అదే. ఎక్కడో పట్టు దొరికిందని లాగడం, సగంలో వదల్లేక ఏదో ఒకటి నొక్కడం, పోయిన టైము కోసం తర్వాతి వాటిని హడావిడిగా తప్పు చేయడం.

ఇది నాకు కోచింగ్‌లో ఎవరూ చెప్పలేదు. దామలచెరువు మామిడి మండీలో తెలిసింది. మా నాయన అక్కడ ఒక వ్యాపారి దగ్గర కాయ చూసే పని చేస్తాడు. 2021 జూన్‌లో ఇంట్లో ఖాళీగా ఉన్నానని నన్నూ లెక్కలు రాయడానికి తీసుకుపోయాడు. ట్రాక్టరు వస్తుంది, పైన కాయ మిలమిలా మెరుస్తుంటుంది. నాయన పైది ముట్టుకోడు. చెయ్యి మోచేయి దాకా లోపలికి దూర్చి అడుగునుంచి రెండు కాయలు లాగుతాడు. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి వాసన చూస్తాడు, సొన ఎట్ల కారుతోందో చూస్తాడు. అంతే, నిమిషం కూడా పట్టదు. దించు అంటాడు, లేదా పోనీ అంటాడు. ఒకరోజు మంచి బేనీషా లోడు ఒకటి పంపించేశాడు. ఎందుకు నాయనా, కాయ బాగానే ఉందే అన్నా. బాగుందిరా, కానీ సగానికి సగం ఏరాల, దీన్ని ఏరుతా కూచుంటే వెనక నాలుగు బండ్లుండాయి, అవి ఎదురు మండీకి పోతాయి అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని డేటా ఇంటర్‌ప్రెటేషన్, లాజికల్ రీజనింగ్ సెక్షన్ తీశా. నా పాత మాక్‌లలో ప్రతిదాంట్లోనూ మొదటి సెట్‌తోనే, అంటే ఒకే సమాచారం మీద వరసగా అడిగే ప్రశ్నల గుంపుతోనే, మొదలుపెట్టా! ముందు వచ్చిన బండి ముందు దించుకున్నట్టు. అప్పటినుంచి 40 నిమిషాల్లో మొదటి ఐదు నిమిషాలు పెన్ను పట్టుకోకూడదని పెట్టుకున్నా. అన్ని సెట్లూ చదవడమే. చూసేది మూడే సంగతులు. అంకెలు ఖచ్చితంగా ఇచ్చాడా, లేక "కనీసం", "ఎక్కువలో ఎక్కువ" అని ఊపేస్తున్నాడా. గీయాల్సిన పట్టిక నా బుర్రలో కనిపిస్తోందా లేదా. ఇక ప్రశ్నల్లో ప్రతిదానికీ కొత్త షరతు తగిలిస్తున్నాడా, అట్లయితే ఒకసారి సాల్వ్ చేస్తే సరిపోదు, నాలుగుసార్లు చేయాలి. పేరాగ్రాఫ్ పొడుగ్గా ఉన్న సెట్ కష్టమని భయపడకు, చాలాసార్లు పొడుగ్గా ఉన్నదే తేలిక, కావాల్సిందంతా చెప్పేశాడు కాబట్టి. రెండు ముక్కల్లో తేల్చేసిన సెట్ పైన మెరిసే కాయ లాంటిది.

ఇంగ్లీషు సంగతి. తెలుగు మీడియం అని దిగులు పడ్డావు. నేనూ పడి, వెయ్యి పదాల లిస్టు ఒకటి బట్టీ పట్టా. దండగ. క్యాట్‌లో ఈ మాటకు అర్థమేంటి అని నేరుగా అడగడం ఏళ్ళ క్రితమే మానేశారు. నేను రెండోసారి రాసినప్పుడు 24లో 16 ప్రశ్నలు పాసేజీల మీదే. ఒక్కో పాసేజీ వ్యాసం ముక్క, చరిత్రో, తత్వమో, పర్యావరణమో. అందరూ రోజూ పేపర్ ఎడిటోరియల్ చదవమంటారు. చదువు, కాదనను, కానీ చదివి పేజీ తిప్పేస్తే ఏమీ రాదు. నేను చేసింది ఇది: ఒక వ్యాసం చదివాక ఫోన్లో రికార్డింగ్ పెట్టి, తెలుగులో, మూడు వాక్యాల్లో ఆయన ఏమన్నాడో చెప్పుకునేవాణ్ణి. అచ్చంగా రచ్చబండ దగ్గర చెప్పినట్టు.

ఉదాహరణకి జూ పార్కుల మీద వ్యాసం అనుకో. "జూలు జంతువుల్ని కాపాడతాయని చాలామంది అంటారు. ఈయన ఒప్పుకోవడం లేదు. అట్లని మూసేయమనీ అనడం లేదు." ఆ మూడో వాక్యం నోటికి వచ్చిందా, నీ పని అయిపోయినట్టే. ఎందుకంటే నాలుగు ఆప్షన్లలో ఒకటి ఖాయంగా "జూలు మూసేయాలని రచయిత వాదన" అన్న ధోరణిలో ఉంటుంది, హడావిడిగా చదివినవాడు దాని మీదే పడతాడు. ఇంగ్లీషు మీడియం వాళ్ళు కూడా ఇక్కడే పడతారు, వాళ్ళకు మాటలన్నీ తెలుసు కాబట్టి ఇంకా నమ్మకంగా పడతారు. రోజుకి రెండు వ్యాసాలు, ఐదు నెలలు. మొదటి నెల నా రికార్డింగులు వింటే నాకే నవ్వొచ్చేది, అరనిమిషం "అంటే... ఏందంటే..." తప్ప ఏమీ లేదు.

లెక్కలకు ఎక్కువ చెప్పను. నిష్పత్తులు, శాతాలు, సగటులు, టైం-పని, దూరం-వేగం, ఇవి ముందు గట్టిగా పట్టు, బీకాం వాడివి కాబట్టి సగం వచ్చే ఉంటాయి. ఫార్ములా కంటే అలవాటు ముఖ్యం. కిలో 12 రూపాయల కాయ, 20 రూపాయల కాయ కలిపి 15 లెక్కన పడాలంటే ఎంతెంత కలపాలి? మా మండీలో కాగితం తీయరు. ఇటు మూడు తేడా, అటు ఐదు తేడా, తిరగేస్తే చవక కాయ ఐదు పాళ్ళు, ఖరీదు కాయ మూడు. ఇదే లెక్కను కోచింగ్ పుస్తకంలో అడ్డగీతల బొమ్మ వేసి పది పేజీలు చేశారు. తర్వాత ఆల్జీబ్రా, జామెట్రీ. లాగరిథమ్స్ చూసి పారిపోకు, తేలిక మార్కులు అక్కడే ఉంటాయి.

నేను రాసిన ఏడాది సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. పరీక్ష 2021 నవంబరు 28. దానికి పది రోజుల ముందు తిరుపతిలో ఆ వాన. నేను బైరాగిపట్టెడలో కింది వాటా రూంలో ఉన్నా. రాత్రికి గుమ్మం దాటి నీళ్ళొచ్చాయి, మంచం కింద పెట్టిన పుస్తకాలు తేలాయి. నాకు ప్రాణం లాంటిది ఒక నోటుబుక్కు, ప్రతి మాక్‌లో ఏ ప్రశ్న ఎందుకు వదలాల్సింది, ఎందుకు వదల్లేదు అని రాసుకున్నది. జెల్ పెన్నుతో రాశా, సిరా అంతా కారిపోయి నీలం మరకలు మిగిలాయి. రాయలచెరువు కట్ట తెగుతుందని ఊళ్ళు ఖాళీ చేయిస్తుంటే మనకు క్యాట్ గురించి ఏడవడానికి కూడా సిగ్గేసింది. ఆ వారం కొత్త మాక్ ఒక్కటీ రాయలేదు. గుర్తున్నంత మటుకు ఆ నోటుబుక్కును మళ్ళీ రాశా. మళ్ళీ రాస్తుంటే తేలింది, 31 మాక్‌ల తప్పులన్నీ కలిపి అరడజను రకాలే. మాక్ రాయడానికి రెండు గంటలు పెడితే దాన్ని విప్పి చూడ్డానికి నాలుగు గంటలు పెట్టు అని అందుకే అంటున్నా. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ఒక మంచి మాక్ సిరీస్ కొనుక్కో, బెంగళూరు హాస్టల్లో ఒక నెల తిండి ఖర్చు కూడా కాదు.

ఆ ఏడు రీజనింగ్‌లో నాలుగు సెట్లుంటే రెండే చేశా, రెండు పోనిచ్చా. మొత్తం మీద 92 దాటింది, కొత్త ఐఐఎంలలో ఒకదాంట్లో సీటొచ్చింది. ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో జరిగింది, అందులో సగం సేపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గురించే అడిగారు, అది వేరే కథ. 92కి సీటెలా అంటావా, నాకు ఓబీసీ రిజర్వేషన్ ఉంది. నువ్వు ఏ కేటగిరీనో చెప్పలేదు గానీ, బీసీ అయితే ఇది విను. మన రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. మన ఏ, బీ, సీ, డీలు వాళ్ళకు తెలీవు. నీ కులం కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండాలి, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్రం ఫార్మాట్లో ఉండాలి. సచివాలయంలో అడిగితే మామూలు బీసీది చేతిలో పెట్టి పంపిస్తారు, నాకు రెండుసార్లు అట్లే అయింది. ఫార్మాట్ ప్రింట్ తీసుకుని పో. అప్లికేషన్లు ఆగస్టులో మొదలవుతాయి, ఆలోపే చేతిలో ఉండాలి.

ఐసెట్ కూడా రాసిపెట్టు, చిన్నచూపు చూడకు. ఇక్కడే ఎస్వీయూలో ఎంబీఏ ఉంది. కాకపోతే క్యాట్ ప్రాక్టీసు చేసిన చేత్తో అక్కడ ఖాళీలు వదిలి రాకు!

ఇక మాక్‌లు ఎక్కడ రాయాలన్నావు. ఫోన్లో రాయొద్దు, అసలు పరీక్ష కంప్యూటరు మీద, స్క్రీన్ మీదున్న కాలిక్యులేటరు మౌస్‌తో నొక్కాలి, ఆ చేయి అలవాటు కావాలి. నేను లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక నెట్ సెంటర్లో గంటకి ఇంతని మాట్లాడుకుని రాసేవాణ్ణి. గోల ఉంటుంది, ఉండనీ, పరీక్ష హాల్లో కూడా పక్కవాడు కీబోర్డు టకటక కొడతాడు. ఒక్కటే జాగ్రత్త. ఒకసారి మాక్ మధ్యలో, సరిగ్గా రెండో సెక్షన్లో పదమూడో నిమిషంలో, ఓనరు వచ్చి భుజం తట్టి "తమ్ముడూ లెయ్, మూడొందల దర్శనం టికెట్లు వదిలినారు" అని కుర్చీ లాగేశాడు. చూస్తే వెనక ఇరవై మంది ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. టీటీడీ టికెట్లు వదిలే తేదీ ఏదో ముందే కనుక్కుని, ఆ రోజు మాక్ పెట్టుకోకు.