మచ్చా చేదు, ఉండలు: ముందు నీళ్లు చూడండి

అక్కా, మచ్చా (జపాన్ గ్రీన్ టీ పొడి) చేదుగా వస్తోంది, అడుగున ఉండలు కడుతోంది అన్నారు కదా. మరిగే నీళ్లు పోస్తే చేదు తప్పదు. పొయ్యి కట్టేసి, మూత తీసి నాలుగైదు నిమిషాలు ఆగండి, 70–80 డిగ్రీలకు దిగాలి.

బోరు నీళ్లు మాత్రం వద్దు. మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి తెలిసిందే. తేయాకులోనూ సహజంగా ఫ్లోరైడ్ ఉంటుంది, మచ్చాలో ఆకు మొత్తం పొడిగా తాగుతాం. అందుకే మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడండి. ఈ ఒక్కటి తప్పకుండా పాటించండి.

ఉండలకైతే, 2 గ్రాముల పొడిని చాయ్ జాలిలో జల్లించి, రెండు చెంచాల నీళ్లతో పేస్టు చేసి, మిగతా 60 మి.లీ. పోసి నురగ వచ్చేదాకా చిలకండి. వెదురు బ్రష్ లేకపోయినా మజ్జిగ చిలికే చిన్న కవ్వం చాలు. పొడి డబ్బా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, మన ఎండలకు రంగు పోతుంది.